గడ్డిబీడును చూచు కన్ను

మా వివాహమునాటి ఛాయాచిత్రమొకటి మా నడిమింటి గోడపై నేటికిని వ్రేలాడుచున్నది. అందు మేమిరువురమును రెండు కుర్చీలయందు బిగిసి కూర్చుండియున్నాము. మా వెనుక నొక సరస్సు, సరస్సులో రెండు హంసలు, ఆవలియొడ్డున మంచుకొండలు, ఈవలియొడ్డున పాలరాతి మెట్లు. ఇదంతయు మా పేటలోని స్టూడియోవాని తెరపై నెవరో పెయింటరు వ్రాసిన చిత్రము. ఆ కాలమున మా వీధిలో పెండ్లియైన జంటలలో సగముమంది ఆ సరస్సు గట్టుననే కూర్చుండిరి. తెర మడతలలో నొకచోట చిరిగి యుండుటచే ఎడమవైపు హంసకు మెడ కొంచెము తెగినట్లు కనబడును. ఏ యింటికి పోయి చూచినను ఆ మెడ తెగిన హంస మాకు చుట్టమువలె పలుకరించెడిది.

ఆ పెయింటరును పరిహసించుటకు ఈ మాట చెప్పుట లేదు. మాకు తోచిన సందేహము వేరు. కరీంనగరము, నల్లగొండ, ఓరుగల్లు, పాలమూరు సీమలనుండి మగ్గమును నమ్ముకొని షోలాపూరు చేరిన మా పెద్దలలో మంచుకొండను కన్నుల జూచినవారు లేరు. అయినను మా యిండ్లలో గోడమీది క్యాలెండరు తీసి చూడుడు, రంగుల దుకాణమువారిచ్చినదైనను, నూలు వర్తకులిచ్చినదైనను, అందుండునది మంచుకొండయో, ఎఱ్ఱని ఆకులు రాలు విదేశపు అడవియో, నీలి సముద్రమో. ఊరు దాటి బార్శీ బాటను పట్టినచో ఇరువైపులను కనబడు గడ్డిబీడు మాత్రము ఏ క్యాలెండరులోను లేదు. ప్రకృతి యనగా మనము లేని చోటనే యుండునదని మన కన్ను నేర్చుకొన్నది. ఈ చదువు నేర్పినవారిలో ఛాయాచిత్రకారులకు పెద్ద పాలున్నదని మా అభిప్రాయము. దానిని మరపింపగలవారును వారే.

మేము కళాశాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్ పరీక్ష గట్టెక్కి, ఒక చాదరుల కార్ఖానా కార్యాలయమున జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి పొందినవారము. కాని మా బల్లకు ప్రక్కబల్ల డిజైను వ్రాయువానిది. ముప్పదియేండ్లకు పైగా అతని చేతిని చూచుచు వచ్చితిమి. యంత్రము తీసిన బొమ్మ కళ యెట్లగునని ఎవరైన నడిగినపుడు మాకు అతడే గుర్తునకు వచ్చును. జకార్డు మగ్గము యంత్రమే గదా! గళ్ళ కాగితముపై అతడొక్కొక్క గడిని నింపును. ఆ గళ్ళ ననుసరించి అట్టలకు రంధ్రములు పొడుతురు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట లేవదు. నెమలి పురి విప్పునది మగ్గముమీదనే యైనను, ఏ గడిని నింపవలెను, దేనిని విడువవలెను అను నిర్ణయము మగ్గమునది కాదు.

అయితే ఈ పోలికను మరీ సాగదీయరాదు. మా డిజైనువానికి ఆకు కుడివైపున కావలెనన్న కుడివైపున వ్రాసికొనును. ఛాయాచిత్రకారుడు కొండను జరుపలేడు. తానే జరుగవలెను. నాలుగడుగులు ప్రక్కకు నడచును, మోకాళ్ళపై వంగును, మేఘము తొలగువరకు కూర్చుండును, తొలగకున్న మరునాడు వచ్చును. ఈ కళలో చేతిపనికంటె కాళ్ళపనియు, ఓపికయు నెక్కువ.

అమెరికా దేశపు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) 1927 ఏప్రిల్ మాసమున యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ అను ఏకశిలా పర్వతమును తీసిన కథ ఈ విద్యలో ప్రసిద్ధము. కెమెరా మోసికొని మంచులో నెక్కి, పర్వతమునకు ఎదుటికి చేరునప్పటికి అతనియొద్ద రెండే గాజుప్లేట్లు మిగిలినవి. మొదటిదానికి పసుపు ఫిల్టరు వేసి తీసెను. తీసిన పిదప, ఆకాశము తనకు తోచినంత గంభీరముగా రాదని గ్రహించి, కడపటి ప్లేటుకు ముదురు ఎఱుపు ఫిల్టరు వేసెను. ఎఱుపు గాజు నీలికాంతిని అడ్డగించును గనుక చిత్రమున ఆకాశము ఇంచుమించు నలుపయ్యెను, శిల యొక్కటి వెలుగుచు నిలిచెను. ఆనాటి ఆకాశము కంటికి నల్లగా లేదు. మఱి చిత్రము అబద్ధమా? కాదందుము. ఆ శిలముందు నిలుచున్నవాని గుండెలోని బరువు ఆ నలుపులో నున్నది.

తరువాత 1940 ప్రాంతమున ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనువారు కలసి, పూర్తి నలుపు మొదలుకొని తెల్లకాగితపు తెలుపువరకు పదునొకండు మెట్లుగా విభజించి, దృశ్యములోని ఏ భాగము ఏ మెట్టున పడవలెనో ముందే నిర్ణయించుకొను పద్ధతి నేర్పరచిరి. ఇది మన రంగుఖానాలో పనిచేయువారికి వింత కాదు. ఒకే రంగున ముదురు నుండి లేతవరకు లడీల నద్ది, తునకలు వరుసగ కట్టి చూచుకొను అలవాటు మనవారికి నున్నదే. ఈ మెట్లు చక్కగ దిగిన చిత్రములో నీడలోని రాతికిని గరుకుతనము కనబడును, ఎండలోని మబ్బునకును ఒడలుండును. దిగనిచో నీడ మసియగును, మబ్బు సున్నమగును. నేడు కెమెరాలు, ఫోనులు ఆ లెక్కను తామే కట్టుచున్నవి. కాని అవి కట్టునది సగటు లెక్క. సగటున నున్నదానికొరకు ఎవరును కొండ నెక్కరు.

మన దేశమున ఈ విద్య చాల పాతది. శామ్యూల్ బోర్న్ అను ఆంగ్లేయుడు 1863 లో వచ్చి, 1866 వరకు మూడుమారులు హిమాలయములకు పోయెను. ఆ కాలపు తడిప్లేటు పద్ధతిలో గాజుపలకకు అక్కడికక్కడ మందు పూసి, ఆరకముందే చిత్రము తీసి, ఆరకముందే కడుగవలెను. డేరా, సీసాలు, గాజుపలకలు మోయుటకు పదులకొలది కూలీలు వెంట నడచిరి. అతని పనితనమును శంకింప వీలులేదు. కాని అతని చిత్రముల ప్రతులను చూచినపుడు మాకొకటి తోచినది. తన దేశపు సరస్సులను, తోటలను కన్నులలో నిడుకొని వచ్చిన మనుష్యుడు హిమాలయములో వానినే వెదకుకొనెను. దొరకనిచోట కొంత విసిగెను. మా స్టూడియో తెరకు మూలపురుషుడు అతడేయని ఒక్కొక్కప్పుడు అనిపించును.

లాలా దీనదయాళు (1844–1905) కన్ను వేరు. రూర్కీలో ఇంజనీరింగు చదువుకొని, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆదరమున సికిందరాబాదులో స్టూడియో పెట్టిన ఆ మహనీయుని గూర్చి వ్రాయువారందరును రాజుల చిత్రములను, వేటలను, దర్బారులనే పొగడుదురు. మేము మాత్రము కోటలు, గుడులు తీసిన పటములయందు వాని చుట్టునున్న ఖాళీనేలను చూడుడందుము. నేలను ఖాళీగా విడుచుటకు అతడు భయపడలేదు. మన కాలమున కరీంనగరము జిల్లాలో పుట్టిన బండి రాజన్ బాబుగారు (1939–2011) నలుపు తెలుపులలో గొప్ప చిత్రకారులనిపించుకొనిరి. వారి ప్రతిభ ప్రధానముగా మనుష్యదేహముమీద ప్రసరించినది. తెలుగువారి కెమెరా మనిషిని చూచినంత ప్రేమతో నేలను చూడలేదన్న కొరత మాకు మిగిలియేయున్నది.

చూచుట కష్టమే, ఒప్పుకొందుము. దక్కను గడ్డిబీడు పటమునకు లొంగదు. ఇక్కడ లోయ లేదు, జలపాతము లేదు, చూపును నిలుపు చెట్టును అరుదు. క్షితిజరేఖ యొకటి, దానిపై ఆకాశము, దానిక్రింద గడ్డి. వేసవిలో నలువది డిగ్రీలు దాటు ఎండ నడిమధ్యాహ్నము నీడలన్నిటిని మ్రింగివేయును; అపుడు తీసిన చిత్రము ఉతికి ఉతికి వెలిసిన దుప్పటివలె నుండును. సూర్యుడు నేలకు చేరువగ నున్న ఆ రెండు గడియలే గడ్డిపోచ పోచకు నీడనిచ్చును. భాద్రపద మాసమున పచ్చన, కార్తికమున రాగి, మాఘమునకు వెండి. ఈ రంగులు మూడును మా చాదరులలో నున్నవి, మా క్యాలెండరులలో లేవు.

చిత్రము బాగుండిన నేమి, బాగుండకున్న నేమి యని అడుగువారుందురు. 1871 లో విలియం హెన్రీ జాక్సన్ అనునతడు ఎల్లోస్టోన్ ప్రాంతపు వేడినీటి ఊటలను, లోయలను ఛాయాచిత్రములుగా తీసెను. అవి అమెరికా చట్టసభవారి చేతికందినవి. 1872 లో ఆ ప్రాంతము జాతీయోద్యానమయ్యెను. సియెర్రా పర్వతములపై ఆడమ్స్ 1938 లో వెలువరించిన చిత్రముల పుస్తకము 1940 లో కింగ్స్ కాన్యన్ ఉద్యానము ఏర్పడుటకు తోడ్పడినది. చట్టము చేయువారు ఆ చోటులకు నడచిపోలేదు, చిత్రమును చూచిరి. చిత్రము లేని నేలకు దిక్కెవరు?

దిక్కులేనితనమును చూడవలెనన్న దూరము పోనక్కరలేదు. షోలాపూరునుండి బార్శీ బాటను ఇరువది కిలోమీటర్లు పోయిన నన్నజ్ గ్రామము వచ్చును. మరాఠీవారు మాళ్‌ఢోక్ అనియు, మన కర్నూలు రోళ్ళపాడు వైపువారు బట్టమేక పక్షి అనియు పిలుచు పక్షికి ఈ గడ్డి నిలయము. మగపక్షి మీటరు ఎత్తుండును, పదునైదు కిలోలవరకు తూగును. వానకాలమున గొంతు సంచిని ఉబ్బించి చేయు ధ్వని చాల దూరము వినబడును. ఆడుపక్షి నేలమీదనే, సామాన్యముగ ఒక్క గ్రుడ్డు పెట్టును. దీనికొరకు 1979 లో ఇక్కడ అభయారణ్యము ప్రకటించిరి. ఆనాటి విస్తీర్ణము కాగితముపై ఎనిమిదివేల చదరపు కిలోమీటర్లకు మించినది. పిమ్మట పండ్రెండు వందల చిల్లరకు తగ్గించిరి. పక్షులును అట్లే తగ్గి, నేడు అది కనబడుటయే వార్తయగుచున్నది. దేశమంతటను కలిపి నూటయేబదికి లోపేయని చెప్పుచున్నారు. దీనిని జాతీయపక్షి చేయవలెనని సాలిం అలీగారు ఆనాడు వాదించిరి. 1963 లో ఆ గౌరవము నెమలికి దక్కెను. బట్టమేకపక్షి ఆంగ్లనామమును అచ్చువాడొక అక్షరము తప్పించిన తిట్టగునని పెద్దలు జంకిరట! నిజమో చమత్కారమో గాని, మా చాదరులపై నెమలి పురి విప్పి వేలకొలది మంచములపై పరుండుచున్నది. ఇరువది కిలోమీటర్ల దూరములోని పక్షిని మేమొక్క చాదరుపైనను నేయలేదు. ఈ తప్పులో మా కార్ఖానాలకును భాగమున్నది.

ఛాయాచిత్రకారులు ఈ పక్షిని తీయలేదా యన్న, కావలసినంత తీసిరి. మేము విమర్శింపదలచినది ఆ చిత్రములనే. దూరపుచూపు లెన్సుతో పక్షిని దగ్గరకు లాగి, వెనుకనున్న గడ్డినంతయు మసకచేసి, కంటిలోని మెరుపు, మెడమీది ఈక తేటపడునట్లు తీయుదురు. పనితనము అద్భుతము. కాని ఆ పక్షి నన్నజ్‌లో నున్నదో, జంతుప్రదర్శనశాలలో నున్నదో చిత్రము చెప్పదు. నేలను చెరిపివేసి పక్షిని మాత్రము మిగిల్చిన చిత్రము, పక్షికి నేల అక్కరలేదన్న భ్రమను పెంచదా? మా స్టూడియో తెర తిరిగి వచ్చినది. ఈమారు దానిపై హంసలును లేవు.

దగ్గరగా తీయవలెనన్న ఆశ మఱియొక కీడు చేయును. కొన్నేండ్ల క్రిందట ఒక యువకునితో ఆ బీడునకు పోయినపుడు, తీతువుపిట్ట నేలమీద పెట్టిన గ్రుడ్లు కనబడినవి. వెలుగు పడవలెనని అతడు చుట్టునున్న గడ్డిని పెరికివేయబోయెను. మేము కేకలు వేసి ఆపితిమి. తల్లిపిట్ట మాకంటె బిగ్గరగ కేకలు వేయుచునే యుండెను. ఆ యువకుడు అలిగి తిరుగుదారిలో మాతో మాటలాడలేదు.

ఇక తీగల సంగతి. ఈ పక్షికి ఎదుటిచూపు తక్కువ, ఒడలు బరువు. విద్యుత్తు తీగలకు తగిలి చచ్చుట దీని నాశమునకు పెద్దకారణములలో నొకటి. 2021 లో సుప్రీముకోర్టు రాజస్థాన గుజరాతులలో ఈ తీగలను భూమిలో వేయుటను గూర్చి ఉత్తరువిచ్చి, 2024 లో దానిని సడలించి నిపుణుల సంఘమును నియమించెను. మన చిత్రకారులు మాత్రము ఏ కోర్టు అక్కరలేకయే కంప్యూటరులో ఆ తీగలను తుడిచివేయుచున్నారు, చిత్రము శుభ్రముగ నుండుటకు! ఇది మాకు మింగుడుపడదు. అయితే ఇచట మాకొక చిక్కున్నది. ఆడమ్స్ 1944 లో లోన్ పైన్ అను ఊరియొద్ద తీసిన సూర్యోదయచిత్రమున ముందు ఎండలో నొక గుఱ్ఱము మేయుచుండును, దానివెనుక నల్లని కొండలు, ఆపైన మంచుశిఖరములు. ఆ నల్లని కొండపై బడిపిల్లలు తెల్లరాళ్ళతో తమ ఊరిపేరు మొదటి అక్షరములు పేర్చియుండగా అతడు వానిని చిత్రమునుండి తొలగించెను. మేము మెచ్చిన ఎఱ్ఱగాజు, మెచ్చని తుడుపుగుడ్డ ఒకే చేతిలో నున్నవి. చాల దినములాలోచించి మేమీ నిర్ణయమునకు వచ్చితిమి: ఆ అక్షరములు గుఱ్ఱమును చంపలేదు, ఈ తీగలు పక్షిని చంపుచున్నవి. హంతకుని తుడిచిన చిత్రము మాత్రము మాకు వలదు. మమ్మొప్పనివారుందురు, ఉండనిండు.

మా మేనల్లుడు నిరుడు మాఘమాసమున నన్నజ్‌లో తీసిన చిత్రమొకటి పెద్దదిగా అచ్చువేయించి ఇచ్చినాడు. అందు పక్షి లేదు. క్రింద మూడువంతులు గడ్డి, వెండివలె వంగియున్నది; పైన ఆకాశము; కుడివైపున రెండు విద్యుత్ స్తంభములు, వాని తీగలు వెండ్రుకలవలె సన్నముగ చిత్రము వెలుపలికి పోవుచున్నవి. దానిని పెండ్లిపటము ప్రక్కన తగిలించితిమి. మా యింటివారు చూచి, ఇందులో ఏమున్నదని ఇంత పెద్ద పటము కట్టించితిరని మందలించిరి. మరునాడు ప్రక్కయింటి వృద్ధుడు, కన్ను సరిగా ఆనక మగ్గము మానినవాడు, చేతికఱ్ఱతో వచ్చి పటము దగ్గర మొగము పెట్టి చాలసేపు చూచినాడు.

"గిది నన్నజ్ కాడి మాళ్ గాదె తమ్మీ," అన్నాడు. "గా తంబాలు అప్పుడు లేకుండె."