గడప దాటి రాని కెమెరా

ఈ మధ్య సినిమాల్లో మన ఊళ్ళని ఆకాశంలోంచి చూపిస్తున్నారు. రేపల్లె వైపు వరిచేలూ, బాపట్ల దగ్గరి సూర్యలంక తీరమూ కళ్ళకి పండగే. కానీ అంత ఎత్తునుంచి నాట్లేసే ఆడమనిషి నడుంనొప్పి కనపడుతుందా?

1962లో తెనాలి చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి తీసిన 'గుండమ్మ కథ' చూడండి. మద్రాసు సెట్టే అయినా, మార్కస్ బార్ట్లే కెమెరా రుబ్బురోలు దాకా వెళ్ళింది. సావిత్రికి సాయంగా ఎన్.టి.ఆర్. పిండి రుబ్బుతుంటే, ఆ ఇంటి చాకిరీ ఎవరి నెత్తిన పడిందో ఇట్టే తెలిసిపోయింది.

2020లో వచ్చిన 'మిడిల్ క్లాస్ మెలొడీస్' తెనాలి పక్క కొలకలూరు కుర్రాడి కథ. అతని ఆశంతా గుంటూరులో హోటలూ, బొంబాయి చట్నీనూ. అలాంటి కథకి వీధులూ వంటిళ్ళూ కావాలిగాని ఆకాశమెందుకు?

పొలం గట్టుమీంచి పెరట్లోకి నడిచొచ్చే కెమెరాయే నాకు చుట్టం. పైనుంచి చూసిపోయేది ఎంత ముచ్చటగా ఉన్నా పరాయిదే!