వత్తుకి చోటు

రంగు వెలిసిన షాపు బోర్డుకి ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న గిరాకీ కొత్త బోర్డుకి లేదు. రాణిగంజ్‌లోనో పాతబస్తీలోనో పెచ్చులూడిన గోడ మీద సగం చెరిగిన ‘కిరాణా’ ఫొటో పెట్టి చూడండి, గుండె గుర్తులు వరస కడతాయి. వింటేజ్ అని ఒకరు, మా తాతగారి ఊరు గుర్తొచ్చిందని ఇంకొకరు. అదే వారం కొత్తగా, నీటుగా రాసిన పంక్చర్ షాపు బోర్డు పెడితే ఎవరూ ఆగరు. షాపు బోర్డుల ఫొటోలు తీయడం నాకున్న సరదా కాబట్టి ఈ తేడా తరచూ కళ్లబడుతుంటుంది. చేత్తో రాసిన అక్షరం మీద మనకున్న ప్రేమంతా అది పోతోందన్న బెంగేనా అని అనుమానం.

బోర్డు ఎటూ కదలదు కదా, ఫొటో తీయడం ఎంతసేపు అనుకుంటారు. ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్ పైకెత్తితే అక్షరాలు వెనక్కి వాలిపోతాయి. రోడ్డు దాటి ఎదుటి బిల్డింగు మెట్లెక్కితే బోర్డు ఎత్తుకి చేరతాం, కానీ మధ్యలో కేబుల్ వైర్లు. ఎనామెల్ రంగు మీద మధ్యాహ్నపు ఎండ పడితే సగం పేరు తళతళలో కలిసిపోతుంది, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. ఆదివారమైతే మరీ మంచిది. అబిడ్స్‌కి పాత పుస్తకాల కోసం ఎలాగూ వెళ్తాం. దించిన షట్టర్ల మీది రాతలు కూడా అప్పుడే చిక్కుతాయి.

ఇవన్నీ కుదిరాక ఫ్రేమ్‌తో తగువు. బోర్డేమో అడ్డం, ఫోనేమో నిలువు. 2010లో మొదలైన ఇన్‌స్టాగ్రామ్ 2015 దాకా చదరపు ఫొటోలే పెట్టనిచ్చింది. ‘శ్రీ లక్ష్మీ వేంకటేశ్వర క్లాత్ స్టోర్స్’ మొత్తం చదవగలిగేలా ఆ చదరంలో పట్టదు. అమ్మవారు ఒక ఫొటోలో, స్వామివారు ఇంకో ఫొటోలో ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు రీల్స్ పుణ్యమా అని అంతా నిలువే. అందుకని పేరు మొత్తం పట్టే ప్రయత్నం మానేసి ఒక్కో అక్షరం దగ్గరికి జరగడం అలవాటైంది. అలా జరిగాకే పెయింటర్ చేస్తున్న పనేమిటో కనబడసాగింది.

ఆ పేరులోని ‘క్ష్మీ’నే తీసుకోండి. పైన గుడిదీర్ఘం, కింద మ వత్తు. ‘స్టో’లో పైన ఓత్వం, కింద ట వత్తు. ఇంగ్లిష్ పెద్దక్షరం రెండు గీతల మధ్య ఒంటరిగా ప్రయాణం చేసేస్తుంది. తెలుగక్షరం సంసారంతో బయల్దేరుతుంది, నెత్తిన ఒకరు, ఒళ్లో ఒకరు. పెయింటర్ ముందు ఈ లెక్క చూసుకుంటాడు. దారానికి సుద్దపొడి రాసి, రెండు చివరలా బిగించి, మధ్యలో లాగి వదిలితే రేకు మీద తిన్నటి గీత పడుతుంది. తెలుగుకి రెండు గీతలతో సరిపోదు. గుడి కోసం పైనా, వత్తు కోసం కిందా జాగా విడిచిపెట్టాలి. ఆ తర్వాతే సుద్దముక్కతో అక్షరాల అంచనా, చివరికి బ్రష్షు. కింద వత్తు ఇరుకైతే పక్క అక్షరం సందులోకి జరుపుతాడు. పేరు పొట్టిదై జాగా మిగిలితే ‘శ్రీ’లోని ర వత్తు తోకను బారుగా లాగి, పేరంతటికీ అడుగుగీత చేస్తాడు.

ఈ ఒడుపుల్లో చాలావాటిని సినిమా పోస్టర్లలోనూ చూస్తాం. బాపు, ఈశ్వర్ లాంటి చిత్రకారులు టైటిల్ అక్షరాలకు కూడా పాత్రకి తగ్గ వేషం వేశారు. ఆ పని గురించి ఈశ్వర్ ‘సినిమా పోస్టర్’ అని పుస్తకమే రాశారు. వీధి పెయింటర్‌కి పుస్తకం లేదు. గురువు దగ్గర డబ్బాలు మోస్తూ, బ్రష్షులు కడుగుతూ నేర్చుకున్న విద్య. బోర్డు మూలన చిన్నగా తన పేరు, పక్కన ‘ఆర్ట్స్’, ఇంకా చోటుంటే ఫోన్ నంబరు.

హైదరాబాద్ పెయింటర్‌కి ఇంకో పరీక్ష ఉంది. తెలుగు ఎడమ నుంచి వస్తుంది, ఉర్దూ కుడి నుంచి. తెలుగు నిటారుగా కూర్చుంటుంది, ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంది. ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికలు రాసే ఉర్దూ కాతిబులకు, అంటే చేత్తో అందంగా రాసే లేఖకులకు, పేరుంది. అంత నేర్పూ రేకు మీద చూపించాలంటే, రెండు లిపులూ ఒకదాన్నొకటి తొక్కకుండా ఎక్కడ ఆగాలో ముందే తెలియాలి. రెండూ కలుసుకునే చోట సాధారణంగా ఫోన్ నంబరు ఉంటుంది. అదొక్కటి అందరూ ఒకేలా చదువుకుంటారు.

ఫ్లెక్సీ వచ్చి పెయింటర్ పొట్ట కొట్టిందనేది పాత మాటే. షాపతన్ని తప్పుపట్టలేం. సాయంత్రం చెబితే పొద్దున్నకల్లా దేవుడి బొమ్మతో, తన ఫొటోతో సహా బోర్డు చేతికొస్తుంది, ఖర్చూ తక్కువే. నా ఫిర్యాదు వేరే. బ్రష్షు పోయినా బ్రష్షుకి తెలిసిన లెక్క మిగలాల్సింది. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు చాలాచోట్ల ముందు ఇంగ్లిష్ పేరు పెడతాడు. మిగిలిన పట్టీలో తెలుగుని సర్దుతాడు. పట్టకపోతే మూల పట్టుకుని లాగుతాడు. అడ్డంగా సాగితే నిలువు గీతలు లావెక్కుతాయి, నిలువుగా నొక్కితే వత్తు చదవరాని చుక్కవుతుంది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో మన లిపుల కోసం విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని మార్చకుండా టైపు చేస్తే వత్తులు ఊడిపోయి, పొల్లులు బయటపడి, ‘స్టోర్స్’ ముక్కలై వరసగా నిలబడుతుంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన మేటరు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే. పెద్ద పెద్ద షోరూముల బోర్డుల మీద కూడా తెలుగు మూలన ఒదిగి కూర్చుంటుంది, పిలవకుండా వచ్చినందుకు బిడియపడుతున్న చుట్టంలా.

బ్రష్షు రాతను కంప్యూటర్లోకి తేవడానికి ఢిల్లీలో హనీఫ్ ఖురేషీ అనే డిజైనర్ ఒక దారి వెతికారు. వీధి పెయింటర్లతో అక్షరమాల రాయించి, దాన్ని ఫాంటుగా మార్చి, ఆ ఫాంటుకి ఆ పెయింటర్ పేరే పెట్టారు. ఈ ప్రయత్నానికి ‘హ్యాండ్‌పెయింటెడ్‌టైప్’ అని పేరు. 2024లో ఆయన పోయారు. ఇంగ్లిష్‌లో ఇరవై ఆరు అక్షరాలు రాయిస్తే పెయింటర్ చేయి ఫాంటులోకి వచ్చేస్తుంది. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిపి వందల రూపాలు గీయాలి. అంత కష్టమూ పడ్డవాళ్లు మనకీ ఉన్నారు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, సూరన్న అంటూ రాయలవారి సభ సగం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా కొలువుదీరి ఉంది. కాబట్టి ఇప్పుడు అక్షరాలకు కరువు లేదు. వాటికి విడిచిపెట్టే చోటుకే కరువు.

2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించి, ఇకమీదట గుడ్డ బ్యానర్లే అన్నప్పుడు, బ్రష్షుకి మళ్లీ పని దొరుకుతుందేమో అనిపించింది. కానీ గుడ్డ మీద కూడా మిషనే ముద్రిస్తుంది. చట్టంతో చెయ్యి తిరిగి రాదు, పని ఇచ్చేవాడుంటేనే వస్తుంది.

షాపు బోర్డు కావచ్చు, పెళ్లిపత్రిక కావచ్చు, అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టే వినాయకచవితి పోస్టరు కావచ్చు, ఈసారి డిజైన్ చేయించేటప్పుడు ముందు తెలుగు పేర్చమనండి, ఇంగ్లిష్ తర్వాత సర్దుకుంటుంది. రెండింటికీ ఒకే ఎత్తు గీత గీస్తే తెలుగు చిన్నబోతుంది, కాబట్టి తెలుగు వరసకి ఎక్కువ ఎత్తు అడగండి. పట్టకపోతే అక్షరాల సైజు తగ్గించమనండి, లాగవద్దనండి.

ఇక ఫోన్లు పట్టుకుని వీధుల వెంట తిరిగే నాబోటివాళ్లకు ఒక మాట. వెలిసిపోయిన బోర్డు రాసినాయనకు మన లైకుతో ఒరిగేదేమీ లేదు. తడి ఆరని బోర్డు కనబడినప్పుడు ఆగండి, మూలనున్న ‘ఆర్ట్స్’నీ నంబరునీ కత్తిరించకుండా తీసి పెట్టండి. బోర్డు మీద ఆ నంబరు రాసుకున్నదే నలుగురూ చూడాలని. చూసినవాళ్లలో ఒక్కరికైనా షట్టరు రాయించాల్సిన పని ఉండొచ్చు.