నీళ్ల లెక్క తెలిసిన చెయ్యి
(ముందుమాట)

వంట కుదిరిందంటే నలభీమపాకం అంటాం. ఆ ఇద్దరిలో ఒక్కడూ వంటవాడు కాడు. రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి కొలువులో తలదాచుకున్నవాడు నలుడు. అజ్ఞాతవాసం ఏడాదీ వలలుడై విరాటుడి వంటశాలలో గడిపినవాడు భీముడు. గడువు తీరగానే ఒకడు సింహాసనం ఎక్కాడు, ఇంకొకడు గద అందుకున్నాడు. గరిటె వాళ్లకు వేషం. గరిటే బతుకైనవాణ్ణి మన పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు.

పైగా నలుడికి ఒక సౌకర్యం ఉంది. అతను ఖాళీ కుండ వైపు చూస్తే చాలు నీళ్లు నిండేవని, గడ్డిపరక ఎత్తి పట్టుకుంటే నిప్పు రాజుకునేదని చెలికత్తె కేశిని వెళ్లి దమయంతికి చెబుతుంది. ఈ పుస్తకం రాసిన అనంతపురం వంటమాస్టరుకు ఆ వరం లేదు. ఇక్కడ ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేలోపే ఖాళీ అవుతాయి. ఏం వండాలన్నా ముందు నీళ్లు వెతుక్కోవాలి.

ఈ పుస్తకం మొదలయ్యేది అక్కడే. పెళ్లివంటకు పిలిచిన ఊరికి పోగానే ఈ మాస్టరు అడిగే మొదటి ప్రశ్న, నీళ్లు ఎక్కడివి అని. ఎంతమందికి వండాలన్నది ఆ తర్వాత. బోరునీళ్లలో సున్నం ఎక్కువుంటే కందిపప్పు ఎంతసేపు ఉడికినా పలుకు పోదు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజను మెత్తబడనీయవు. ఆ శాస్త్రం ఆయన ఎక్కడా చదవలేదు. ఆ నీళ్లలో గుప్పెడు పప్పు ఉడికించి, వేళ్లతో నలిపి చూసి, పప్పుకూ కాఫీకీ ఎన్ని బిందెల మంచినీళ్లు బయటినుంచి తెప్పించాలో లెక్క చెబుతాడు. బియ్యం కడిగిన నీళ్లు ఎనుముల తొట్టికి పోతాయి. కూరగాయలు కడిగిన నీళ్లతో పందిట్లో దుమ్ము లేవకుండా చల్లుతారు. నలబై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంత పొదుపైన లెక్క నేనెన్నడూ చెప్పలేదు.

సంగటి మీద రాసిన అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. ఎసట్లో నూక ఉడుకుతుండగా రాగిపిండి కుప్పగా పోసి, కట్టెతో నడుమ గుంత చేసి, మూతపెట్టి, సన్నసెగ మీద వదలాలి. ఎనిపే ముందు, పైకి తేలిన గంజినీళ్లు కొన్ని వంచి పక్కన పెట్టుకుని, అవసరాన్ని బట్టి తిరిగి పోసుకోవాలి. తొందరపడితే ఉండలు కడుతుంది, నీళ్లు ఎక్కువైతే అంబలి అవుతుంది, తక్కువైతే లోపల పచ్చిపిండి. పదిమందికి ఎనపడం ఇంటి పని. మూడొందల మందికి ఎనపడానికి భుజాలు కావాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కట్టె తిప్పేటప్పుడు ఊపిరి కలవాలంటాడు. నాకు ఆ పేజీలు చదువుతుంటే చేతులు నొప్పి పుట్టాయి.

మా చిన్నప్పుడు వరిబువ్వ పండగకే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక అది రోజువారీ తిండి అయింది. రాగులు, కొర్రలు, సద్దలు వెనకబడ్డాయి. పొలాలను అప్పటికే శెనక్కాయ మింగేస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేనాటికి సంగటీ నాటుకోడి పులుసూ బెంగళూరు, హైదరాబాదు హోటళ్లలో ఖరీదైన వంటకాలైపోయాయి. ముద్ద మీద నెయ్యి పోసి, పక్కన శెనక్కాయల ఊరుబిండి పెట్టి, ఒక కూలీ దినకూలికి దగ్గరగా ధర కట్టి అమ్ముతున్నారు. ఈ వింత చూసి నవ్వాలో ఏడవాలో నాకు తెలియదు. మాస్టరు రెండూ చెయ్యలేదు. ఆ ముద్ద చేసే చెయ్యి ఎవరిదో చెప్పి ఊరుకున్నాడు. అది చాలాసార్లు కదిరి పక్కనించో కళ్యాణదుర్గం పక్కనించో, బోర్లు ఎండిపోయి, అప్పు మిగిలి, రాత్రిబస్సెక్కి వచ్చినవాడి చెయ్యి.

ఆయనా అలా వెళ్లినవాడే. నా దగ్గర చదువుకుని, పదో తరగతి అయ్యీ కాకముందే బెంగళూరు చేరాడు. గిన్నెలు తోమడం, పిండి రుబ్బడం, చట్నీలు, ఆ తర్వాతే దోసె పెనం. పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే చప్పుణ్ణిబట్టి వేడి తెలుసుకోవాలి. అది చెవికి పట్టడానికి ఏడాది పట్టిందట. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి, రాత్రి పదకొండింటికి గచ్చు కడగడం. నడుమ మధ్యాహ్నం బియ్యంబస్తాల మీద నిద్ర. పారిస్ హోటల్లో గిన్నెలు తోమిన రోజుల గురించి జార్జ్ ఆర్వెల్ 1933లో రాశాడు. అందులోని చెమటవాసన ఇందులోనూ ఉంది. ఒక తేడా ఉంది. ఆర్వెల్ బయటికి నడిచి వచ్చి రాసుకున్నాడు, ఈయన ఇంకా లోపలే ఉండి రాశాడు.

తర్వాత పెద్ద హోటల్లో తెల్లకోటు, టోపీ వచ్చాయి. 1890లలో లండన్ సెవాయ్ హోటల్లో ఎస్కాఫియే అనే ఫ్రెంచి వంటపెద్ద వంటశాలను విభాగాలుగా చీల్చి, ఒక్కోదానికి ఒక్కో పెద్దను పెట్టిన పద్ధతి అక్కడ నేర్పితే, మాస్టరు ఆశ్చర్యపోలేదు. మన గాడిపొయ్యి దగ్గర నిప్పు చూసేవాడు, అన్నం వార్చేవాడు, తాలింపు వేసే పెద్ద ఎప్పటినుంచో ఉన్నారు.

వంటింటి బయటి జీవితం గురించి తక్కువే రాశాడు, కానీ దాచుకోకుండా రాశాడు. పండగ అంటే అందరికీ సెలవు, వంటవాడికి రెండింతల పని. పిల్లల పుట్టినరోజులు ఫోన్లోనే. బంధువుల పెళ్లికి పోతే వధూవరుల కంటే ముందు పొయ్యి వైపు కళ్లు పోతాయి. నాలుక వేల నమూనాలు చూసి అలిసిపోయి, ఇంట్లో మజ్జిగన్నం, ఎండుమిరపకాయ తప్ప ఏమీ అడగదు. భార్య చేసిన కూరలో ఉప్పు తక్కువైనా నోరెత్తడు. ఆ మౌనం గురించి ఆమె ఏమనుకుంటుందో ఆయన అడిగినట్టు లేదు.

కరువు వంట గురించిన భాగం నన్ను వెనక్కి తీసుకుపోయింది. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టారు. సత్తుగిన్నె పట్టుకుని వరసలో నిలబడిన పిల్లల్లో నేనొకణ్ణి. గంజి పోసినవాడి ముఖం గుర్తులేదు, గరిటె అడుగుకు పోతుందా పైపైన తేలుతుందా అని చూసిన చూపు గుర్తుంది. 1877లో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, కరువుపనిలో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మాస్టరు ఆ పౌండును తన తక్కెడలో తూచి వండి చూశాడు. చరిత్రకారులు చాలామంది ఆ అంకె రాశారు; దాన్ని పళ్లెంలో పెట్టి చూపించడం వంటవాడికే తోచింది.

హోటల్ బోర్డుల మీద కులం పేరు రాసుకున్న కాలాన్ని చూసినవాణ్ణి నేను. లోపల ఎవరు వండాలి, ఎవరికి ఏ గ్లాసులో పొయ్యాలి అన్నవి అప్పుడు ఎవరూ దాచుకోలేదు. ఇప్పుడు బోర్డు పోయింది. పెళ్లివంటకు బేరం కుదిర్చేటప్పుడు ఆ ప్రశ్న చుట్టుతిరిగి వస్తుందని రాసినందుకు ఆయనకు కొన్ని బేరాలు పోవచ్చు.

ఒక కొరత చెప్పాలి. మాస్టరు అని పిలిపించుకునేది మగవాళ్లే. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు, పెళ్లివంటలో ఉల్లిగడ్డలు తరిగి, గిన్నెలు తోమి తక్కువ కూలి తీసుకునేవాళ్లు ఇందులో పక్కన కనిపించి మాయమవుతారు. ముసురు రోజుల్లో భార్య కళ్లలోకి పొగ పోకుండా కొబ్బరిచిప్పల మంట మీద వంట చేయించిన సంగతి ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు మరవకుండా రాశాడు. రాజుకు కనబడిన ఆ పొగ ఈ మాస్టరుకు ఎందుకు కనబడలేదు? రెండో ముద్రణకు ఒక అధ్యాయం బాకీ.

రాతప్రతి ఇచ్చినప్పుడు, “తప్పులు దిద్దండి సార్, మాటలు మాత్రం మార్చొద్దు” అన్నాడు. మార్చలేదు. కొలతలు గుప్పెళ్లలో, చిటికెల్లో ఉంటే పట్నం పాఠకులు సర్దుకోవాలి.

ఒక్క విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరలేదు. ఉగ్గానిలో టమోటా వెయ్యచ్చని రాశాడు. బొరుగులు తడిపి, గట్టిగా పిండి, తాలింపులో కలిపి, పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీతో తినేదాన్లో ఆ పులుపునీళ్లెందుకు? “బెంగళూరోళ్లు అడుగుతారు సార్” అంటాడు. అడగనీ. ఆ పేజీ దగ్గర పాఠకులు నా మాటే వినాలని మనవి.