ఆముదం మొక్కకు రాజభోగం

ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అని మనవాళ్ళు వెక్కిరింపుగా అన్నారు. ఆ వెక్కిరింపును పక్కనపెట్టి, ఆముదానికి నిజంగానే మహావృక్షం మర్యాదలు చేసిన తోట ఒకటి ఇంగ్లండులో వెలిసింది. దక్షిణాన ససెక్స్ ప్రాంతంలో గ్రేట్ డిక్స్‌టర్ అనే పాతకాలపు ఇల్లు. ఆ ఇంటి యజమాని క్రిస్టఫర్ లాయిడ్ గొప్ప తోటమాలి, అంతకు తగ్గ రచయిత కూడా. 1963 నుంచి 2005 దాకా 'కంట్రీ లైఫ్' వారపత్రికలో తోటల గురించి రాస్తూనే ఉన్నాడు. ఆయన 2006 జనవరిలో పోయాడు. పరదేశపు మొక్కల మీద ఆయన రాసిన పుస్తకం 'ఎక్సాటిక్ ప్లాంటింగ్ ఫర్ అడ్వెంచరస్ గార్డెనర్స్' మరుసటి ఏడు, 2007లో వెలువడింది.

ఆ పుస్తకం వెనక ఒక ఇంటి కథ ఉంది. లాయిడ్ తండ్రి 1910లో ఆ ఇల్లు కొన్నాడు. దాన్ని బాగుచేసి తోటకు రూపం ఇచ్చినవాడు లుట్యెన్స్. ఢిల్లీలో మన రాష్ట్రపతి భవనం కట్టిన లుట్యెన్సే! ఆయన తీర్చిన గులాబీ తోటను లాయిడ్ 1993లో, తన డెబ్భై రెండో ఏట, వేళ్ళతో సహా పీకించేశాడు. ఆ చోట అరటి, మెట్టతామర, డేలియా, ఆముదం పెట్టించాడు. అత్తగారి చేతి మల్లెపందిరి పీకి మరొకటి వేస్తే మన ఇళ్ళల్లో ఎంత రభస అవుతుందో ఊహించుకోండి. తోటల ప్రపంచంలో అంత రభసా అయింది. అయితే ఆయన కారణం ఆయనకుంది. దశాబ్దాల తరబడి గులాబీలే పెరిగిన మట్టిలో కొత్త గులాబీ పెడితే సరిగా ఎదగదు. ఉన్నవాటితోనేమో ఆయనకు విసుగు పుట్టింది.

మనకు వెంటనే ఒక సందేహం వస్తుంది. గెల వెయ్యని అరటి ఏం అరటి? అక్కడ పెంచే జాతి కాసినా అది తినే కాయ కాదు. ఆకులో భోజనం లేదు, దూట కూర లేదు, పెళ్ళిపందిరికి కట్టేది లేదు. ఆముదం ఉంది గాని అది నూనె కోసం కాదు. ఎర్రటి ఆకు చూడటానికే. ఎర్ర అరటి అని వాళ్ళు మురిసిపోయే ఎన్‌సెట్ అయితే ఇథియోపియాలో లక్షల కుటుంబాల తిండి. అక్కడివాళ్ళు దాని కాండాన్నీ దుంపనీ పులియబెట్టి రొట్టె చేసుకుంటారు. ససెక్స్‌లో అది వట్టి అలంకారం. ఒక జాతి అన్నాన్ని ఇంకొక జాతి ముగ్గులా చూడటం నాకు కాస్త చివుక్కుమనిపించే సంగతే.

కాని ఇక్కడ జపాను కవి బాషో గుర్తొస్తాడు. 1681లో ఒక శిష్యుడు ఆయన గుడిసె దగ్గర అరటిమొక్క నాటాడు. జపాను భాషలో ఆ అరటిని బాషో అంటారు; కవి దాన్నే తన పేరు చేసుకున్నాడు. గాలికి చీలిపోయే ఆకు, దేనికీ అక్కరకు రాని చెట్టు. అందుకే నాకిష్టం అన్నాడాయన. లాయిడ్ తోటలో పెరిగింది సరిగ్గా ఆ అరటే. అక్కర కోసం కాక, ఉన్నందుకే ఇష్టపడటం కూడా ఒక ప్రేమే కదా!

ఆ ప్రేమ నిజమా, మోజా అన్నది తేలేది చలికాలంలో. అక్కడ మొక్కను చంపేది మంచు ఒక్కటే కాదు. వారాల తరబడి వదలని తడి. చల్లటి బురదలో వేరు ఊపిరాడక కుళ్ళిపోతుంది. అంచేత మొదటి మంచుకు డేలియా ఆకులు నల్లబడగానే దుంపలు తవ్వి, కాడలోని నీరు దిగేలా తలకిందులుగా ఆరబెట్టి, మంచు తగలని చోట దాస్తారు. మెట్టతామర దుంపల్ని మరీ ఎండనివ్వకుండా, కాస్త చెమ్మగల మట్టిలో ఉంచుతారు. అరటి బోదెకు ఎండు ఆకులో గడ్డో దట్టంగా చుట్టి, నడినెత్తిన వాన దిగకుండా కప్పుతారు. బోదె చచ్చినా, మొదట్లో కప్పిన ఆకుల కింద వేరు బతికితే వసంతంలో పిలక వస్తుంది. ఎన్‌సెట్‌కు ఆ పిలకలు కూడా లేవు. దాన్ని పెకలించి అద్దాల ఇంట్లోకి మోసుకుపోవాల్సిందే. ఆముదం మాత్రం ఏటా చస్తుంది, ఏటా మళ్ళీ గింజ నాటాలి.

ఇలాంటి తోటల్ని మెచ్చుకునేవాళ్ళతోనే నా పేచీ. వాళ్ళ మెప్పంతా సెప్టెంబరు ఫోటోలకే. పెళ్ళి ఫోటోల్లో పందిరి కనిపిస్తుంది గాని, మర్నాటి అంట్లు కనిపించవు! నవంబరులో వానలో దుంపలు తవ్విన చేతులు ఏ బొమ్మలో ఉన్నాయి? లాయిడ్ ఒక్కడే అదంతా చేయలేదు. ఫెర్గస్ గారెట్ అనే ప్రధాన తోటమాలీ, ఆయన వెంట పనిచేసినవాళ్ళూ చేశారు. లాయిడ్ సాహసాన్ని నేనూ మెచ్చుకుంటాను. అయితే గులాబీలు పీకడం ఒక్కరోజు సాహసం. ఒక అరటిని ఏటేటా చలి దాటించడం దానికంటే పెద్దది. దానికి చప్పట్లుండవు.

ఇంతకీ పరదేశపు మొక్క ఏది? మన పెరట్లో నూతిపక్కన, తోమిన నీళ్ళకే విరగబూసే మెట్టతామర అమెరికా ఖండాల నుంచి వచ్చిన చుట్టమే. మనం దానికి దుప్పటి కప్పలేదు, బతికిందా లేదా అని చూడనూ లేదు. అందుకే దాని విలువ మనకు తెలియలేదు కాబోలు. అదే మొక్క కోసం చలిలో వణుకుతూ మట్టి తవ్వేవాడికి తెలుస్తుంది. ఆ ఒక్క సంగతి కోసమైనా, అక్కరకు రాని ఆ అరటితోటకు నేను మార్కులు వేస్తాను. మీరేమంటారు?