మంత్రి ఏ గడిలో కూర్చుంటాడు?

రాజ్యాంగ పాఠం మన బడుల్లో ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. శాసనసభ చట్టం చేస్తుంది, ప్రభుత్వం అమలు చేస్తుంది, కోర్టు తీర్పు చెబుతుంది. మాస్టారు బోర్డు మీద మూడు గళ్లు గీస్తారు. పాతపట్నంలో మా సాయిబుల పిల్లలూ వాటిని బట్టీపట్టి పాసవుతారు. ఆ మూడు గళ్ల మధ్య తమ చదువే బంతిలా తిరుగుతోందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

అసలు పాఠం వాళ్ల సంచుల్లోనే ఉంది. మండలాఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్న బి.సి.-ఇ సర్టిఫికెట్.

2004 జూలైలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవోతో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2005లో ఆర్డినెన్సు, వెనకే చట్టం. నవంబరులో అదీ పోయింది. తర్వాత పి.ఎస్. కృష్ణన్ నివేదిక, బి.సి. కమిషన్ విచారణ, 2007 చట్టం. ఈసారి మతం మొత్తానికి కాదు. ఫకీరు, హజాం, ఖురేషీ, షేక్ వంటి సమూహాలకు 4 శాతం. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్నీ కొట్టేసింది. అయిదుగురు అటు, ఇద్దరు ఇటు. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 సమూహాలకు అది నిలిచింది. ఒక తరం పిల్లలు ఆ మధ్యంతరం మీదే కాలేజీ మెట్లెక్కారు.

ఇంతకంటే మంచి పౌరశాస్త్రం ఎక్కడ దొరుకుతుంది? ఆర్డినెన్సు అంటే ప్రభుత్వమే చట్టం చేయడం. మరి గళ్లు ఏమయ్యాయి? మంత్రి సభలో ఉంటాడు, సచివాలయంలోనూ ఉంటాడు. ఏ గడిలో కూర్చోబెడతారు? 50వ అధికరణం వేరుచేయమన్నది న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచే. మిగిలినదంతా గోడ కాదు, కలిసి ఉంటూ ఒకరినొకరు నిలదీసుకోవడం. 2004లో కోర్టు కమిషన్‌ను అడిగారా అంది. ప్రభుత్వం వెళ్లి అడిగి రావలసి వచ్చింది. మాకు నొప్పి కలిగించినా, ఆ ప్రశ్న సరైనదే.

అన్నీ సరైనవి కావు. 2010 తీర్పు ఈ చట్టం మతమార్పిడులను ప్రోత్సహించవచ్చునంది. 4 శాతం కోసం ఎవరో కలిమా చదువుతారట! దూదేకుల, మెహతర్లు 1970 నుంచే బి.సి. జాబితాలో ఉన్నారు. వాళ్లలో చేరిపోదామని ఎవరు పరుగెత్తారో మాకు తెలీదు. తీర్పును గౌరవించడమంటే దాన్ని చదవకుండా ఉండడం కాదు. ఆ ఇద్దరు జడ్జీలు ఎందుకు విభేదించారో క్లాసులో చదివించాలి.

ఇది కొత్త కథా కాదు. పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కాలేజీ సీట్లకు కమ్యూనల్ జీవో ఉండేది. ప్రతి 14 సీట్లలో ముస్లింలకు ఒకటి. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని రద్దుచేసింది. పార్లమెంటు అదే ఏడు మొదటి సవరణతో 15(4)ను తెచ్చింది. వెనకబడిన తరగతులన్న మాట కాలేజీ సీట్లకూ అలా వచ్చింది. మా ఒక్క సీటు మాత్రం ఆ మాటలో ఎక్కడుందో వెతుక్కోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

మావాళ్లనూ అనాలి. రాజశేఖరరెడ్డి ఇచ్చాడు అనేసి మా పెద్దలు చేతులు దులుపుకుంటారు. దయగా వచ్చిందనుకున్న దాన్ని కోర్టులో ఎలా వాదిస్తారు? ఏ సమూహం ఎంత వెనకబడిందో లెక్క కట్టాకే కేసు సుప్రీంకోర్టులో మధ్యంతరంగానైనా నిలబడింది, కట్టనప్పుడు పడింది. సయ్యదు, పఠాను, మొఘలును చట్టం ఎందుకు పక్కన పెట్టిందో మసీదు అరుగు మీద మాట్లాడే ధైర్యం మాకే లేదు. అందరూ ఒకటే అంటాం. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం గుర్తొస్తుంది ఎవరు ఎవరో.

పాతపట్నం పక్కనే పర్లాకిమిడి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ రెంటి మధ్యా గీత పడింది. అటుపక్క మేనత్త పిల్లలకు ఈ చట్టం వర్తించదు. ఇటుపక్కవాడు పండక్కి వెళ్లినప్పుడు, నీకెందుకు సీటొచ్చింది, నాకెందుకు రాలేదు అని బావ అడుగుతాడు. మూడు గళ్లు బట్టీపట్టిన మావాడి దగ్గర జవాబు లేదు.