హార్డ్ డిస్కు వేగపరీక్షలు: ఒక విమర్శ

బాహ్య హార్డ్ డిస్కు వేగం తెలుసుకొనడానికి చాలామంది వాడే సాధనం క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే జపాను ప్రోగ్రాము. అది ఉచితంగా దొరుకుతుంది. ఒక్క మీట నొక్కితే అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు అబద్ధాలు కావు. కాని వాటిని మనం చదివే పద్ధతిలోనే లోపమున్నది.

భద్రాచలం వంటి చోట ఇది కేవలం కుతూహలానికి సంబంధించిన ప్రశ్న కాదు. అక్కడ గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఏటి ఒడ్డున ఒక కార్యాలయంలో 500 గిగాబైట్ల సమాచారం ఉన్నదనుకొందాం: భూముల పటాలు, కిన్నెరసాని అడవిలో తీసిన ఛాయాచిత్రాలు, వేలకొలది చిన్న నమోదు పత్రాలు. రెండవ హెచ్చరిక తరువాత వీటికి నకలు తీయడానికి ఎంతసేపు పడుతుంది?

ప్రోగ్రాము చూపే పట్టికలో పై వరుసలు పెద్ద ఖండాలను వరుసగా చదివే వేగాన్ని చెబుతాయి. ఈ వేగం సెకనుకు 120 మెగాబైట్లయితే మన పని 70 నిమిషాలలో ముగియాలి. అదే డిస్కును పాత యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలిస్తే వేగం సుమారు 35 మెగాబైట్లకు పడిపోతుంది. దాదాపు 4 గంటలు కావాలి. కాబట్టి 3.0 పోర్టు, దానికి తగిన కేబుల్ వాడడమే అన్నిటికంటె చౌకైన మెరుగుదల. అయితే పెట్టె మీద ‘5 గిగాబిట్లు’ అని ఉంటే భ్రమపడరాదు. 2008లో వచ్చిన ఆ ప్రమాణానికి తరువాత రెండుసార్లు పేరు మార్చారు, వేగం మారలేదు. అది బాట వెడల్పే గాని బండి వేగం కాదు.

అసలు సంగతి పట్టికలోని కింది వరుసలో ఉన్నది. నిమిషానికి 5400 సార్లు తిరిగే ఫలకం ఒక చుట్టుకు 11 మిల్లీసెకనులు తీసుకొంటుంది. సగటున అర చుట్టు, దానికి తోడు చదివే చేయి కదలిక కలిపితే సుమారు 18 మిల్లీసెకనులు. అంటే సెకనుకు 55 చోట్లు మాత్రమే అందుతాయి. ఒక్కొక్కటి 4 కిలోబైట్లు గల లక్ష ఫైళ్ళు కలిపి 400 మెగాబైట్లే. వరుసగా ఉంటే 4 సెకనుల పని. చెల్లాచెదురుగా ఉంటే అరగంట పడుతుంది! 1956లో ఐబీఎం చేసిన తొలి డిస్కుకు ఈ వెదుకులాట 600 మిల్లీసెకనులు. ఇన్నేళ్ళలో సామర్థ్యం 50 లక్షల అక్షరాల నుండి 2 లక్షల కోట్ల బైట్లకు, అంటే 4 లక్షల రెట్లు పెరిగింది. వెదుకులాట వేగం 30 రెట్లే పెరిగింది.

పరీక్షలో మరొక లోపమున్నది. అది మామూలుగా 1 గిగాబైటు ఫైలుతోనే తృప్తిపడుతుంది. ఖాళీ డిస్కులో ఆ ఫైలు వేగం ఎక్కువగా ఉండే బయటి అంచున పడవచ్చును; డిస్కు నిండేకొద్దీ లోపలి చుట్లలో వేగం దాదాపు సగమవుతుంది. పెంకుల వలె జాడల మీద జాడలు పరచి వ్రాసే డిస్కులు మొదట వేగంగా వ్రాసి, తరువాత నత్తనడక పడతాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలో కొన్ని డిస్కులు ఇటువంటివేనని, కొనేవారికి ముందుగా ఆ సంగతి చెప్పలేదని వెల్లడయింది. చిన్న పరీక్ష ఈ గుణాన్ని పట్టుకొనలేదు.

కాబట్టి పాఠకులు తమ సొంత ఫోల్డరునే, కనీసం 50 గిగాబైట్లు, గడియారం చూచుకొంటూ నకలు తీసి పరీక్షించాలి. చిన్న ఫైళ్ళను ఒకే కట్టగా చేసి పంపితే వేగం బాగా హెచ్చుతుంది. కాని కట్ట కట్టడానికీ సమయం పడుతుంది గనుక ఆ పని వానకాలానికి ముందే చేసుకోవాలి. విండోస్‌లో వ్రాతను తాత్కాలికంగా జ్ఞాపకంలో నిలిపే ఏర్పాటు వేగాన్ని పెంచగలదు. అయితే కరెంటు పోయినా, డిస్కును తొందరపడి ఊడదీసినా వ్రాయవలసింది పోవచ్చును. గాలివానకు కరెంటు నిలవని ఊళ్ళలో ఆ లాభం కోరదగినది కాదు. 2018 నుండి విండోస్ తనంతట తాను వేగం కంటె భద్రతనే ఎంచుకొంటున్నది, అది సబబే.

పై వరుస అంకె డిస్కును అమ్మడానికి పనికివస్తుంది. వరద వచ్చే వేళకు పనికివచ్చేవి మన ఫైళ్ళతో మనమే కొలిచిన నిమిషాలు.