పాత సర్వరు చూసీచూడనట్టు వదిలేసినవి

మైఎస్‌క్యూఎల్ 5.7కు మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది. దాని తర్వాతి 8.0కు 2026 ఏప్రిల్ గడువు పెట్టారు. గడువు దాటాక ఏ భద్రతా లోపం బయటపడ్డా సరిచేసి పంపేవారుండరు. కాబట్టి డేటాబేస్ సర్వరు వెర్షన్ మార్చడం మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడే పని కాదు. మార్చిన మర్నాడు నిన్నటిదాకా నడిచిన రిపోర్టు ఆగిపోతుంది, ఎవరికో లాగిన్ కాదు, ఎక్కడో పేర్లన్నీ పిచ్చిగీతలై కనిపిస్తాయి. కొత్త వెర్షన్ పాడుచేసిందని ఆఫీసంతా అనేస్తుంది. చాలాసార్లు నేరం కొత్తదానిది కాదు. పాతది ఏళ్ల తరబడి చూసీచూడనట్టు వదిలేసిన తప్పుల్ని కొత్తది వదలదు, అంతే. తేదీ లేని దరఖాస్తు మీద కూడా ముద్ర కొట్టే గుమాస్తా రిటైరై, ఆ కుర్చీలోకి నిబంధనల పుస్తకం చదివిన కుర్రాడు వచ్చినట్టు.

నిజానికి తేదీ సంగతి అక్షరాలా అదే. 5.6 వరకూ డిఫాల్ట్ సెట్టింగుల్లో ఫిబ్రవరి 30 అని పంపినా సర్వరు కాదనేది కాదు. నెల సున్నా, రోజు సున్నా, సంవత్సరం నాలుగు సున్నాలుగా మార్చి దాచుకునేది. ఒక హెచ్చరిక రాసేది, దాన్ని చదివేవాడు ఉండేవాడు కాదు. 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ డిఫాల్ట్ అయింది, ఆ తేదీ లోపలికి రాదు. అప్పుడు చాలామంది చేసే పని, ఎస్‌క్యూఎల్ మోడ్ సెట్టింగును ఖాళీ చేసి పాత పద్ధతికి వెళ్లిపోవడం. గొడవ ఆ రాత్రికి సద్దుమణుగుతుంది, తప్పుడు తేదీలు మాత్రం చేరుతూనే ఉంటాయి.

అన్నిటికంటే సులువైన చిక్కు, సర్వరు అసలు లేవకపోవడం. కంగారు పడేది అప్పుడే ఎక్కువ, పడాల్సిన అవసరం మాత్రం తక్కువ. 8.0లో క్వెరీ క్యాష్‌ని పూర్తిగా తీసేశారు. పాత కాన్ఫిగరేషన్ ఫైల్లో దానికి సంబంధించిన ఒక్క వరస మిగిలిపోయినా, ఇదేమిటో తెలియదని సర్వరు ఆగిపోతుంది. మోడ్ జాబితాలో ‘నో ఆటో క్రియేట్ యూజర్’ అన్నమాట ఉన్నా అంతే. ఎర్రర్ లాగ్ తెరవాలి. కింది వరస నుంచి చదవడం అందరికీ అలవాటు, కానీ చివర కనిపించే ‘ఆగిపోతున్నాను’ అన్నది ఫలితమే. కారణం పైన, మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది.

లాగిన్ చిక్కులకు పాత చరిత్ర ఉంది. వెనకటికి 4.1లో పాస్‌వర్డ్‌ను దాచే పద్ధతి మార్చారు; 16 అక్షరాల హాష్ పోయి 41 అక్షరాలది వచ్చింది. పాత క్లయింట్లు కొత్త సర్వరుతో మాట్లాడలేక నిలిచిపోయాయి. 8.0లో మళ్లీ అదే కథ, పేరు మాత్రం క్యాషింగ్ షా2. ఇందులో తిరకాసు ఏమిటంటే, అప్‌గ్రేడ్‌కు ముందే ఉన్న యూజర్లకు పాత పద్ధతే కొనసాగుతుంది. అందుకని మార్చిన రోజు అంతా సజావుగా ఉంటుంది. వారం తర్వాత ఎవరో కొత్త యూజర్‌ను సృష్టిస్తే, పాత డ్రైవర్ వాడే అప్లికేషన్ లోపలికి రాలేదు. అప్పటికి అప్‌గ్రేడ్ సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు.

ఇంతకంటే మాయదారిది ఇంకొకటి. ఈ పద్ధతిలో మొదటి లాగిన్‌కు పూర్తి తనిఖీ జరుగుతుంది, దానికి టీఎల్ఎస్ కనెక్షనో, సర్వరు పబ్లిక్ కీనో ఉండాలి. ఒకసారి నెగ్గాక ఆ వివరం సర్వరు మెమరీలో నిలుస్తుంది, తర్వాతి లాగిన్లు తేలిగ్గా అయిపోతాయి. సర్వరు రీస్టార్ట్ కాగానే ఆ జ్ఞాపకం పోతుంది. అంటే టీఎల్ఎస్ లేని అప్లికేషన్ ఒకటి, ఎవరో అడ్మిన్ అదే యూజర్‌తో సరిగ్గా లాగిన్ అయిన పుణ్యాన నెలల తరబడి నడిచి, ఒక అర్ధరాత్రి రీస్టార్ట్ తర్వాత హఠాత్తుగా మొరాయిస్తుంది. కోడ్ మారలేదు, పాస్‌వర్డ్ మారలేదు. ‘అప్పుడప్పుడు పనిచేస్తుంది’ అన్న ఫిర్యాదు వింటే అనుభవం ఉన్న డీబీఏ మొదట అడిగేది, సర్వరు చివరగా ఎప్పుడు రీస్టార్ట్ అయిందని.

ఎర్రర్ ఇచ్చి ఆగేవి ఎంత చికాకైనా నయమే. దొరుకుతాయి. పరీక్షా ఫలితాల టేబుల్లో ర్యాంక్ అన్న ఇంగ్లీషు పేరుతో కాలమ్ ఉండటం మామూలే. ఎంట్రన్స్ పరీక్షల మీద బతికే మన రెండు రాష్ట్రాల్లో అలాంటి టేబుళ్లకు కొదవేముంది! 8.0లో విండో ఫంక్షన్లు వచ్చాయి, వాటితో ర్యాంక్ రిజర్వ్‌డ్ పదమైంది. కాలమ్ పేరు విడిగా రాసిన క్వెరీ విరుగుతుంది. టేబుల్ పేరు, చుక్క, ఆపైన కాలమ్ పేరు రాసిన క్వెరీ నడుస్తుంది, ఎందుకంటే చుక్క తర్వాత వచ్చేది పేరే తప్ప మరొకటి కావడానికి వీల్లేదు. ఒకే కాలమ్ ఒక పేజీలో పనిచేసి ఇంకో పేజీలో పనిచేయకపోవడంలోని రహస్యం ఇంతే.

చప్పుడు చేయని మార్పులే ఈ విద్యకు అసలు పరీక్ష. 5.7 దాకా గ్రూప్ బై రాస్తే ఫలితం దానంతటదే వరసలో వచ్చేది. జిల్లాలవారీ మొత్తాలు అడిగితే జిల్లాలు అక్షరక్రమంలో కనిపించేవి, కాబట్టి ఆర్డర్ బై రాయాలని ఎవరికీ తోచలేదు. 8.0 ఆ ఉచిత సేవ మానేసింది. ఎర్రర్ లేదు, అంకెలన్నీ సరైనవే, వరస మాత్రం మారింది. ఆ రిపోర్టు మొదటి వరసనే తీసుకుని లెక్క కట్టే ప్రోగ్రాం ఒకటి ఎక్కడో ఉంటే, అది తప్పుడు జవాబును నిబ్బరంగా చెబుతుంది.

తెలుగు డేటా దాచుకున్నవారికి ఇంకాస్త లోతైన గుంట ఉంది. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ 8.0 వచ్చేదాకా లాటిన్1. పశ్చిమ ఐరోపా లిపుల కోసం చేసిన ఆ సెట్టింగ్‌ను మార్చకుండానే ఎన్నో వెబ్‌సైట్లు తెలుగు రాసుకున్నాయి. ఎలా కుదిరింది? అప్లికేషన్ యూటీఎఫ్8 బైట్లు పంపింది, కనెక్షనూ టేబులూ తాము లాటిన్1 అని చెప్పుకున్నాయి, రెండూ ఒకటే కాబట్టి సర్వరు బైట్లను ముట్టుకోలేదు. పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చి బ్రౌజర్లో చక్కని తెలుగయ్యాయి. రెండు అబద్ధాలు ఒకదానికొకటి సరిపోయాయన్నమాట. అప్‌గ్రేడ్‌తో కొత్త డ్రైవర్ వచ్చి, తాను యూటీఎఫ్8ఎంబీ4 అని నిజం చెబుతుంది. లాటిన్1ను అందులోకి మార్చి ఇవ్వాలని సర్వరు పూనుకుంటుంది. తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కొక్కటీ మూడు బైట్లు, కాబట్టి ప్రతి అక్షరమూ ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి గీతలుగా విడిపోతుంది. మొదటిది ఎప్పుడూ నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, రెండోది డిగ్రీ సున్నానో, ప్లస్ మైనస్ గుర్తో. ఆ జంట కనిపిస్తే రోగం పేరు వెంటనే చెప్పేయవచ్చు.

మందు వేసే ముందు నాడి చూడాలి. హెక్స్ ఫంక్షన్‌తో కాలమ్‌లో ఉన్న అసలు బైట్లు చూడాలి. ‘త’ అక్షరం ‘ఇ0 బి0 ఎ4’గా కనిపిస్తే డేటా క్షేమం, చీటీ మాత్రమే తప్పు. ‘సి3 ఎ0 సి2 బి0’ అంటూ మొదలైతే ఎవరో అప్పటికే ఒకసారి మార్చేశారు, రెండు పొరల ఎన్‌కోడింగ్ పడింది. క్షేమంగా ఉన్న కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు కన్వర్ట్ చేస్తే ఆ రెండో పొరను మనమే వేసినవాళ్లమవుతాం. ముందు దాన్ని బైనరీ రకంగా మార్చాలి, అప్పుడు సర్వరు అక్షరాల ఊసెత్తదు. ఆ తర్వాత సరైన క్యారెక్టర్ సెట్ చెప్పాలి.

అప్పటికీ కొన్ని వరసల దగ్గర కన్వర్షన్ ఆగుతుంది. లాటిన్1లో 50 అక్షరాల కాలమ్ అంటే 50 బైట్లు. తెలుగులో 16 కోడ్‌పాయింట్లు నిండి రెండు బైట్లు మిగులుతాయి. పొడవాటి చిరునామా వస్తే పాత సర్వరు దాన్ని అక్షరం నడుమ కోసేసి, మారుమాట్లాడకుండా దాచుకుంది. ఆ సగం అక్షరాన్ని ఇప్పుడు స్ట్రిక్ట్ మోడ్ ఒప్పుకోదు. పోయిన చిరునామా తోకలు ఏ వెర్షన్‌లోనూ తిరిగిరావు, ఏ వరసల్లో పోయాయో ఇప్పుడైనా తెలుస్తుంది.

ఒక్కోసారి నిందితుడు డేటాబేస్ కూడా కాదు. 2018లో వచ్చిన లినక్స్ లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 లిపుల వరసక్రమాన్ని మార్చింది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ తన ఇండెక్సులను ఆ లైబ్రరీ చెప్పిన వరసలోనే కట్టుకునేది. కింద ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చినవారికి, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అదే అయినా, టేబుల్లో ఉన్న పేరు వెతికితే లేదని జవాబొచ్చింది. యూనిక్ కాలమ్‌లో ఒకే విలువ రెండుసార్లు చేరింది. ఇండెక్సులు మళ్లీ కట్టుకోవడమే దారి. ఒకే రాత్రి ఓఎస్, డ్రైవర్, సర్వరు మూడూ మార్చేవారిని చూస్తే నాకు భయమేసేది ఇందుకే. ఏది దెబ్బతీసిందో తేల్చుకోవడానికి ఆధారమే మిగలదు.

అందుకే తెలిసినవారు ముందు నకలు మీద పని చేస్తారు. మైఎస్‌క్యూఎల్ షెల్‌లోని అప్‌గ్రేడ్ చెకర్ రిజర్వ్‌డ్ పదాలను, సున్నా తేదీలను, తీసేసిన మోడ్‌లను పట్టిస్తుంది. కానీ అది చూసేది టేబుళ్లనూ సెట్టింగులనూ, అప్లికేషన్‌లో దాగిన క్వెరీలను కాదు. వాటికోసం స్లో లాగ్‌లోకి ఒక రోజంతా అన్ని క్వెరీలూ పట్టి, పీటీ-అప్‌గ్రేడ్ వంటి పరికరంతో పాత కొత్త సర్వర్లు రెండింటి మీదా నడిపి జవాబులు పోల్చాలి. గ్రూప్ బై వరస లాంటివి అక్కడే బయటపడతాయి. ముఖ్యమైన క్వెరీలకు పాత సర్వరులోనే ఎక్స్‌ప్లెయిన్ తీసి దాచుకోవాలి. మార్చాక ‘ఇదివరకు ఇంత నెమ్మది కాదు’ అని వాదించడానికి ఇదివరకటి సాక్ష్యం కావాలి కదా. తర్వాత 5.7 కింద 8.0ను రెప్లికాగా నిలిపి, కొన్నాళ్లు చదివే పనులు దానికి అప్పజెప్పవచ్చు. ఈ ఏర్పాటు కింది నుంచి పైకే చెల్లుతుంది.

వెనక్కి రావడం ఎలాగన్నది ముందే తేల్చుకోవాలి. 8.0 తన డేటా డిక్షనరీని పూర్తిగా కొత్తగా కట్టుకుంది, అవే ఫైళ్లతో 5.7ను మళ్లీ లేపడం కుదరదు. బ్యాకప్ నుంచి తిరిగిరావాలి, అప్పుడు ఈలోపు రాసిన డేటా పోతుంది. కొత్త సర్వరులోకి కస్టమర్ మొదటి ఆర్డర్ పడే క్షణానికి ముందే అన్నీ పరీక్షించి ఉండాలి.

8.0 దాటి 8.4కు వెళ్లేవారికి పాత లాగిన్ చిక్కు మళ్లీ ఎదురవుతుంది. అప్పట్లో పాత డ్రైవర్ కోసం యూజర్లను నేటివ్ పాస్‌వర్డ్ పద్ధతికి మార్చి గట్టెక్కినవారు ఎందరో. 8.4లో అది డిఫాల్ట్‌గా మూసి ఉంటుంది, 9.0లో తీసేశారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని యూజర్ టేబుల్లో ప్లగిన్ అన్న కాలమ్ ఉంది. ఇవాళే ఒక సెలెక్ట్ రాసి చూస్తే, ఏయే యూజర్లు ఇంకా ఆ దారిలో వస్తున్నారో పేర్లతో సహా తెలిసిపోతుంది.